పెంపుడు కుక్కకు ‘ఆగు’ అంటే తెలుసా?

కుక్కకాటుతో ఓపీకి వచ్చినవారిని మేం తప్పకుండా అడిగే ప్రశ్న ‘వీధికుక్కా, పెంపుడు కుక్కా?’ అని. ఆ మధ్య ఏడేళ్ల బాబును ఎత్తుకొచ్చిన తండ్రి ఈ మాటకు తల దించుకున్నాడు. ‘మాదే సార్. రెండేళ్లుగా ఇంట్లో మనిషిలా తిరుగుతోంది. అది తింటుంటే వీడు గిన్నె లాగాడు. అంతే!’ అన్నాడు. బాబు చెంప మీద లోతైన గాయం.

చర్చంతా వీధి గురించే

2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదైనట్లు కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలను షెల్టర్లకు తరలించాలని 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే నెల 22న ఆ ఆదేశాన్ని సవరించింది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల నుంచి కుక్కలను తొలగించమంది. ఇవన్నీ అవసరమైన చర్చలే. కానీ మన గుమ్మం లోపల ఉన్న కుక్క సంగతి?

2024 మార్చిలో కేంద్రం 23 జాతులను ‘ప్రమాదకరం’ అంటూ వాటి అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. జాతి మీద నెపం వేయడం తేలిక. పట్టించుకోకపోతే చిన్న పొమరేనియన్ కూడా కరుస్తుంది. అసలు లోపం చాలాసార్లు పెంపకంలోనే ఉంటుంది.

నాలుగు మాటలు చాలు

శిక్షణ అంటే చుట్టాల ముందు షేక్‌హ్యాండ్ ఇప్పించడం కాదు. కూర్చో, ఆగు, రా, వదిలెయ్... ఈ నాలుగూ వస్తే చాలు. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే పక్కింటి పాప మీదికి దూకదు. డెలివరీ బాయ్ వెంట పడదు. రోడ్డు మీదికి పరుగెత్తదు.

* పిల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. మొదటి 3 నెలల్లో రకరకాల మనుషులను, శబ్దాలను చూసిన కుక్కకు భయం తక్కువ. భయపడే కుక్కే ఎక్కువగా కరుస్తుంది. పెద్ద కుక్కలూ నేర్చుకోగలవు.
* రోజుకు రెండు మూడుసార్లు, 5 నిమిషాల చొప్పున నేర్పండి. మాట విన్న వెంటనే చిన్న తినుబండారం ఇవ్వండి.
* ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. నానమ్మ ‘కూర్చో’ అని, మనవడు ‘సిట్’ అంటే పాపం దానికేం అర్థమవుతుంది?
* కొట్టొద్దు. గుర్రుమంటే తిట్టొద్దు. అది ‘దూరంగా ఉండు’ అనే హెచ్చరిక. దాన్ని అణచివేస్తే, ఈసారి చప్పుడు లేకుండా కరవొచ్చు.

పిల్లలకూ నేర్పాలి

తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, పిల్లలకు పాలిస్తున్నప్పుడు కుక్క జోలికి వెళ్లకూడదని చెప్పండి. ఎంత మంచి కుక్కయినా పసిపిల్లలను దాని దగ్గర ఒంటరిగా వదలొద్దు.

శిక్షణ టీకా కాదు

ఇక్కడే చాలామంది పొరపడతారు. ‘మా కుక్కే కదా’ అని కాటును తేలిగ్గా తీసుకుంటారు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించడం దాదాపు అసాధ్యం. కుక్కకు 3 నెలల వయసులో టీకా మొదలుపెట్టి, ఏటా బూస్టర్ వేయించండి.

కరిస్తే గాయాన్ని ధారగా పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పూయొద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి. 0, 3, 7, 28 రోజుల్లో చేతికి వ్యాక్సిన్ వేస్తాం. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. కుక్కను 10 రోజులు గమనించాలి. అది బాగానే ఉంటుందిలే అని చూస్తూ చికిత్స ఆలస్యం చేయొద్దు.

ఆ బాబు కోలుకున్నాడు. చెంప మీద మచ్చ మాత్రం మిగిలింది. తప్పు వాడిదీ కాదు, ఆ కుక్కదీ కాదు. ఇద్దరికీ నేర్పాల్సింది పెద్దలమైన మనమే.