మరిచిపొమ్మనేది ఎవరు?

పగకు పల్నాడు పెట్టింది పేరు. 12వ శతాబ్దంలో జరిగిన యుద్ధాన్ని ఇప్పటికీ ఏటా కార్తీకంలో కారంపూడి తిరునాళ్ళలో తలుచుకుంటాం. ఆ దొరల పగ పౌరుషం అయింది, పాట అయింది. అదే మాలపల్లెలోనో మాదిగగూడెంలోనో ఒక తల్లి కొడుకు చావును పదేళ్ళు మరిచిపోకపోతే "ఇంకా కక్ష పెట్టుకుని కూర్చుంది" అంటారు. మాచవరమైనా మాచర్లైనా ఇదే న్యాయం!

దెబ్బ ఒక్కదానితోనే కక్ష పుట్టదు. కొట్టినోడు "నేనేం చెయ్యలా" అన్నప్పుడు పుడుతుంది. ముల్లు లోపలే ఉంచి పైన పసుపు పూస్తే పుండు మానుతుందా?

చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల్ని చంపారు. బతికినవాళ్ళు తెనాలిలో తలదాచుకున్నారు. చనిపోయినవాళ్ళను ఊరి నడుమ పాతిపెట్టి ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టారు. కోర్టు మా ఊళ్ళోనే పెట్టమని పోరాడి పెట్టించుకున్నారు. 16 ఏళ్ళకు, 2007 జులై 31న, 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది. చంపినోళ్ళే లేరన్నాక ఆ తల్లులు ఎవర్ని క్షమించాలి?

క్షమించాలంటే కాదనే బలం కూడా ఉండాలి. రేపటి కూలికి ఆయన చేలోకే పోవాల్సినవాడు "సరేనయ్యా" అంటే అది భయం. దాన్ని క్షమాగుణమని పొగడటం మోసం.

అయితే మిత్రులారా, తీరని కోపం ఊరికే ఉండదు. పెత్తందారు మీదికి పోలేక పెళ్ళాం మీద, పిల్లల మీద పడుతుంది. సారా సీసాలోకి దిగుతుంది. మాలా మాదిగల తగువై లేస్తుంది. అందుకే దాన్ని ఒంటరిగా మొయ్యనివ్వకండి. జరిగింది తేదీతో సహా రాయించండి. సాక్షుల వెంట నిలబడండి. 2015 సవరణతో అట్రాసిటీ చట్టంలో బాధితులకూ సాక్షులకూ రక్షణ హక్కుగా చేరింది, అది అడిగి తీసుకోండి.

పెద్దమనుషులు రాజీ అంటూ వస్తే మూడు మాటలు అడగండి. చేసిన తప్పు ఊరందరి ముందు ఒప్పుకుంటారా? సాక్షుల్ని బెదిరించడం మానతారా? కూలీ, నీళ్ళూ, దారీ ఆపకుండా ఉంటారా?

ఇవన్నీ జరిగినా సరే, క్షమించాలో వద్దో చెప్పాల్సింది దెబ్బతిన్న మనిషే. క్షమించమని ఊరు బలవంతం చెయ్యకూడదు. క్షమించొద్దని సంఘమూ బలవంతం చెయ్యకూడదు.