విచారణ పిరికితనం కాదు



26/11 ముంబయి దాడి తర్వాత సైన్యాన్ని కదపకపోవడం పిరికితనమన్న మీ పత్రికలోని వ్యాసంతో నేను ఏకీభవించను. 2001లో పార్లమెంటుపై దాడి జరిగాక నెలల తరబడి సరిహద్దులో సేనలను మోహరించాం. యుద్ధం జరగకుండానే వందలాది మంది జవాన్లను పోగొట్టుకున్నాం. 2008లో ముంబయి దాడి తర్వాత మాత్రం డిసెంబరులోనే ఎన్‌ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. ఆ దాడిలో ప్రాణాలతో పట్టుబడిన ఉగ్రవాది కసబ్ తమవాడు కాడని బుకాయించిన పాకిస్థాన్ చివరికి ఒప్పుకోక తప్పలేదు. అతడికీ న్యాయవాదిని ఇచ్చి, సుప్రీంకోర్టు దాకా వాదన విని, 2012 నవంబరు 21న ఉరి తీశాం. అలా విచారించడమే దేశానికి గౌరవం.

అయితే అదే 2008 డిసెంబరులో చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టాన్ని (యూఏపీఏ) సవరించి, అభియోగపత్రం లేకుండా 180 రోజులదాకా నిర్బంధించే వీలు కల్పించారు. బెయిలు నిబంధనలనూ కఠినం చేశారు. వ్యాసం దీన్ని ప్రస్తావించనే లేదు. నిరపరాధులు జైళ్లలో మగ్గకుండా ఇలాంటి కేసుల విచారణకు గడువు విధించాలి.

— ఒక పాఠకుడు, విజయవాడ