ఇద్దరి నిర్ణయం, ఒక్కరి కాపురం

న్యూజెర్సీలో సంక్రాంతి సంబరాలకు వెళితే ముగ్గులూ భోగిపళ్లూ ఎంత ఖాయమో, భోజనాల దగ్గర ఫ్లోరిడా ప్రస్తావన అంత ఖాయం. ఆ వారమే వాకిట్లో మంచు ఎత్తిపోసి నడుం పట్టేసిన పెద్దాయన ఎవరో మొదలుపెడతారు: "ఇంక చాలండీ, రిటైరైన మర్నాడే టాంపా వెళ్లిపోతాం." పక్కాయన ఫీనిక్స్ మేలంటారు. డల్లాస్ అయితే మనవాళ్లు బోలెడుమంది అంటారు ఇంకొకరు. వెళ్లాలా వద్దా అని మాత్రం ఎవరూ అడగరు. వయసు మళ్లాక చలిప్రాంతాన్ని పట్టుకు వేళ్లాడటం మూర్ఖత్వమనీ, వెచ్చని చోటికి మకాం మార్చడమే వివేకమనీ మనవాళ్లలో ఒక సిద్ధాంతం స్థిరపడిపోయింది. నాకు ఆ సిద్ధాంతం మీద నమ్మకం లేదు. ఎందుకో చెబుతాను.

ముందుగా అందులో ఉన్న నిజాన్ని ఒప్పుకోవాలి. మంచుగడ్డ మీద కాలు జారి తుంటి ఎముక విరిగితే డెబ్బై దాటినవాళ్లు మళ్లీ మామూలు మనిషి కావడం కష్టం. చలి చంపుతుందన్నదీ అబద్ధం కాదు. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 13 దేశాల్లోని 7.4 కోట్ల మరణాలను పరిశీలించి, వేడి కంటే చలి వల్లే ఎన్నో రెట్లు ఎక్కువమంది పోతున్నారని తేల్చింది. "మరింకేం, పదండి" అంటారు మనవాళ్లు.

తొందరపడకండి. ఆ చావుల్లో ఎక్కువభాగం గడ్డకట్టే చలిలో జరిగినవి కావని, ఓ మోస్తరు చలిలో జరిగినవని అదే అధ్యయనం చెప్పింది. యూరప్ లెక్క ఇంకా విడ్డూరంగా ఉంటుంది. 1988–97 మధ్య చలికాలంలో మరణాలు మామూలు కంటే ఎంత పెరిగాయని చూస్తే, ఫిన్లాండ్‌లో 10 శాతం, పోర్చుగల్‌లో 28 శాతం. నెలల తరబడి మంచులో మునిగి ఉండే దేశంలో తక్కువ, ఎండకు పెట్టింది పేరైన దేశంలో దాదాపు మూడింతలు. ఫిన్లాండ్ వాళ్లు గోడలు దళసరిగా కట్టి, కిటికీలకు రెండు మూడు పొరల అద్దాలు బిగించి, ఇల్లంతా వెచ్చగా ఉంచుకుంటారు. బయటికెళితే ఒళ్లంతా కప్పుకుని వెళతారు. "మాకు చలేమిటి" అనుకునే పోర్చుగల్‌లో ఇళ్లకు ఆ ఏర్పాటు లేదు. అంటే ముసలి ప్రాణాన్ని కాపాడేది ఊరి వాతావరణం కన్నా ఇంటి వెచ్చదనం. అది న్యూజెర్సీలో, మన ఎడిసన్ ఊళ్లో ఉన్న ఇంట్లో ఇప్పటికే ఉంది.

"మోకాళ్ల నొప్పులో?" అంటారు. మాంచెస్టర్ పరిశోధకులు బ్రిటన్‌లో నొప్పులతో బాధపడేవాళ్లను నెలల తరబడి గమనించి 2019లో ఫలితాలు వెల్లడించారు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో, వాయుపీడనం తగ్గిన రోజుల్లో నొప్పులు కాస్త పెరిగాయి. ఉష్ణోగ్రతకూ నొప్పికీ మాత్రం చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. తేమ గాలికి నొప్పి పెరిగేవాళ్లు మందు కోసం ఫ్లోరిడాకు పోవడం ఏం వైద్యమో మరి!

అసలు ఎండ గురించి మనకు ఒకరు చెప్పాలా? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని వింటూ పెరిగినవాళ్లం. రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసినవాళ్లం. పది గంటలు దాటితే తలుపులు బిగించి, వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లి, పొద్దు వాలేదాకా గడప దాటని తాతలు మనకున్నారు. 2015 మే నెలాఖరులో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోతే, వాళ్లలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే. ఇంత తెలిసీ, అమెరికాలో ఎండ అనగానే జనవరి ఎండే గుర్తొస్తుంది మనకు.

ఫీనిక్స్‌లో 2023 జూన్ 30 నుంచి వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో 43 డిగ్రీలకు, తగ్గలేదు. ఆ ఊరున్న మారికోపా కౌంటీలో ఆ ఏడాది వేడి కారణంగా 645 మంది చనిపోయారు. ఇళ్లలోపల పోయినవాళ్లలో చాలామందికి ఏసీ ఉంది, అది పనిచెయ్యలేదు. ఫ్లోరిడాలో 2017 సెప్టెంబరులో ఇర్మా తుపానుకు కరెంటు పోయి, ఏసీ ఆగిపోయి, హాలీవుడ్ పట్టణంలోని ఒక నర్సింగ్‌హోంలో పన్నెండుమంది వృద్ధులు ప్రాణాలు విడిచారు. 2022లో ఇయన్ తుపాను అక్కడ వందమందికి పైగా పొట్టనపెట్టుకుంటే, వాళ్లలోనూ ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. న్యూజెర్సీలో మంచు మనల్ని రెండు మూడు నెలలు ఇంట్లో కూర్చోబెడుతుంది. ఫీనిక్స్‌లో ఎండ నాలుగైదు నెలలు కూర్చోబెడుతుంది. బందిఖానా మారింది, శిక్షాకాలం పెరిగింది.

ఇక డబ్బు. ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదన్నది అందరి నాలుక మీదా ఉండే మాట. న్యూజెర్సీ ఇంటిపన్ను దేశంలోకెల్లా ఎక్కువన్నదీ నిజమే. కానీ న్యూజెర్సీ సోషల్ సెక్యూరిటీ మీద పన్ను వెయ్యదు. 62 దాటిన దంపతుల మొత్తం ఆదాయం లక్ష డాలర్ల లోపైతే పెన్షన్ మీదా వెయ్యదు. అటు ఫ్లోరిడాలో ఇంటి ఇన్సూరెన్సు దేశంలో అత్యంత ఖరీదైన వాటిలో ఒకటి. అరవై ఏళ్లు దాటిన మనిషికి మిగిలే ఆదా ఎంతో కాగితం మీద వేసి చూస్తేగానీ తెలియదు. వేసి చూసినవాళ్లు నాకు తారసపడింది తక్కువ.

ఇవన్నీ పైపై లెక్కలు. ఈ సిద్ధాంతంలోని అసలు లోపం మరొకటి. నిర్ణయం తీసుకునేది అరవై ఐదేళ్ల జంట. దాన్ని అనుభవించేది ఎనభై ఏళ్లు దాటిన ఒంటరి మనిషి. ఆ మనిషి చాలావరకు ఆవిడే. మన తరం పెళ్లిళ్లలో భర్త నాలుగైదేళ్లు పెద్ద. అమెరికాలో అరవై ఐదేళ్లకు చేరిన ఆడవాళ్లు అదే వయసు మగవాళ్ల కంటే ఇంకో రెండున్నరేళ్లు ఎక్కువ బతుకుతారు. రెండూ కలపండి. సుమారు ఏడేళ్లు ఆవిడ ఒక్కతే ఉండాలి. గోల్ఫ్ కోర్సు, ఈతకొలను, ఎండలో నడక చూసి ఇల్లు కొనేటప్పుడు ఈ ఏడేళ్లను ఏ జంటా లెక్కలోకి తీసుకోదు.

మాకు తెలిసిన ఒకావిడ కథ ఇదే. ముప్ఫై ఏళ్లు ఎడిసన్‌లో ఉన్నారు. ఆయనకు గుండె ఆపరేషనైనప్పుడు నెల్లాళ్లపాటు ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకుని పథ్యం భోజనం కారేజీలు పంపాం. తరువాత ఇల్లమ్మేసి ఫ్లోరిడా వెళ్లారు. మూడో ఏట ఆయన పోయారు. ఆవిడ హైవే మీద కారు నడపలేరు. కూరగాయలకైనా గుడికైనా కారు లేనిదే కాలు కదపలేని చోటు. కొడుకు సియాటిల్‌లో. ఫోనులో ఆవిడ అన్నమాట నేను మర్చిపోలేను: "ఇక్కడ అందరూ మంచివాళ్లేనమ్మా, కనపడితే చెయ్యూపుతారు. లోపలికి మాత్రం ఎవరూ రారు." వెనక్కి రావాలన్నా, అమ్మిన ఇంటిలాంటిది ఆవిడ కొనగలిగే ధరకు ఇప్పుడు ఎడిసన్‌లో దొరకదు.

ఇది ఒక్కరి దురదృష్టం అని కొట్టిపారెయ్యకండి. 1995 జూలైలో షికాగోను వడగాడ్పులు పట్టినప్పుడు మామూలు కంటే 739 మంది ఎక్కువ చనిపోయారు. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లినెన్‌బర్గ్ ఆ చావుల మీద 'హీట్ వేవ్' అనే పుస్తకం రాశాడు. అందులో పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చాడు: నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్. రెండూ పేదవే, రెండింట్లోనూ ఒంటరి వృద్ధులున్నారు, కాసిన ఎండ ఒక్కటే. మరణాల రేటు మాత్రం మొదటి పేటలో పదింతలు. రెండో పేటలో వీధినిండా దుకాణాలు, జనం. ముసలివాళ్లు నడిచి వెళ్లగలరు, నలుగురి కంటా పడతారు. మొదటి పేటలో కొట్లు మూతబడి, ఇళ్లు ఖాళీపడి, తలుపు వెనక మనిషి ఉన్నదీ లేనిదీ అడిగేవాళ్లు కరువయ్యారు.

అలాగని అందరూ ఉన్నచోటే ఉండాలని నేననను. కూతురో కొడుకో అక్కడ స్థిరపడి రమ్మంటే, అక్కచెల్లెళ్లో చిన్ననాటి స్నేహితులో ముందే అక్కడుంటే నిశ్చింతగా వెళ్లండి. మీరు వెళుతున్నది మనుషుల దగ్గరికి, ఎండ కొసరు. చలి మరీ భరించలేకపోతే జనవరి, ఫిబ్రవరి నెలలకు ఫ్లోరిడాలో అద్దెకు దిగండి. లేదా మెడికేర్ అక్కడ చెల్లదు కాబట్టి ప్రయాణపు ఇన్సూరెన్సు తీసుకుని, విజయవాడలోనో వరంగల్లులోనో అయినవాళ్ల మధ్య సంక్రాంతి చేసుకుని రండి. ఇల్లు మాత్రం అమ్మకండి.

అయినా వెళ్లి తీరాలనిపిస్తే ఒక పరీక్ష పెట్టుకోండి. జనవరిలో కాకుండా ఆగస్టులో వెళ్లండి. ఆ ఊళ్లో ఆవిడను ఒక్కతినే ఆరు వారాలు ఉండనివ్వండి. కారు తాళాలు ఆయన దగ్గరే ఉంచుకోవాలి. తిరిగొచ్చాక ఆవిడ ఏమంటే అదే తీర్పు. సరేనంటే సామాను సర్దుకోండి. కాదంటే, వాకిట్లో మంచెత్తడానికి వీధి చివర కుర్రాడికి డబ్బులిచ్చి, తలుపు తట్టే నలుగురున్న ఇంట్లోనే ఉండండి.