బ్యాటరీని కాదు, వైరును అనుమానించండి

పెద్దాపురం చుట్టుపక్కల ఏ ట్రాక్టర్ డ్రైవర్‌నైనా ట్రాలీ వెనక ఎర్ర లైటు ఎందుకు వెయ్యలేదని అడగండి. నాకైతే ప్రతిసారీ ఒకటే జవాబొచ్చింది: "వేస్తే బ్యాటరీ దిగిపోద్దండి." ఈ మాట తప్పని నా వాదన. ఇంజినీరింగ్ చదువుతున్న మనం కూడా ఇది విని తలూపడం ఇంకా పెద్ద తప్పు.

లెక్క చూడండి. వెనక రెండు 5 వాట్ల బల్బులు, మొత్తం 10 వాట్లు. 12 వోల్టుల మీద ఒక ఆంపియర్ కూడా లాగవు. ఇంజిన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్‌కి అది లెక్కే కాదు. ఇంజిన్ ఆపి పది గంటలు వెలిగించినా ఖర్చు 8 ఆంపియర్ అవర్ల పైచిలుకు. 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అదెంత?

మరి లైట్లు ఎందుకు మసకబారతాయి? చాలాచోట్ల ఎర్త్ కోసం వేరే వైరు ఉండదు. కరెంటు హుక్కు, పిన్ను మీదుగా వెనక్కి రావాలి. అక్కడ తుప్పు, రంగు, బురద. మసక లైటు చూసి బ్యాటరీ దిగిందనుకుంటారు, కొత్తది కొంటారు. లైటు మళ్లీ మసకే.

ట్రాలీలో ఇంకో బ్యాటరీ పెట్టి, ట్రాక్టరే దాన్ని ఛార్జ్ చేస్తుందని నమ్మితే కథ ఇంకోలా ఉంటుంది. విదేశాల్లో కారు వెనక ఇల్లులాంటి ట్రెయిలర్ కట్టుకుని తిరిగేవాళ్లదీ ఇదే బాధ: రోజంతా లాగినా సాయంత్రానికి ట్రెయిలర్ బ్యాటరీ ఖాళీ. కారణం సన్న వైరు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు 10 మీటర్లు లాగి 10 ఆంపియర్లు పంపితే దారిలోనే 1.7 వోల్టులు పోతాయి. ముందు 14 ఉంటే వెనక్కి చేరేది 12.3. దానితో బ్యాటరీ నిండదు. అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది 0.3 వోల్టే. ఊరేగింపులో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే ఆల్టర్నేటర్ ఇచ్చేదీ తగ్గుతుంది, అది వేరే సంగతి.

రిఫ్లెక్టర్ స్టిక్కర్లు చాలు కదా అంటారు కొందరు. కోతల రోజుల్లో వాటి మీద గడ్డి వేలాడుతుంది, బురద పడుతుంది. రాత్రిపూట ఏడీబీ రోడ్డు మీద ఆగిన ట్రాలీ వెనకే బైకు మీద వచ్చేది ఎవరు? హాస్టల్ నుంచి ఇంటికెళ్లే మనవాళ్లే.

పరీక్ష ఐదు నిమిషాల పని. లైట్లు వేసి, మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ట్రాలీ ఇనుముకి పెట్టండి. అర వోల్టు దాటిందా, తప్పు ఎర్త్‌ది. ఒక వైరు వేస్తే సరి. మరిడమ్మ జాతరకి ఆషాఢంలో ఎలాగూ ఊళ్లోనే ఉంటాం. ఈసారి మన క్లబ్బు తరఫున నాలుగు మీటర్లు పట్టుకుని ట్రాక్టర్ షెడ్లకి వెళ్దాం. కిర్కాఫ్ సూత్రం పరీక్షలో రాసేశాం, షెడ్డులో ఒకసారి వాడి చూద్దాం.