మంచు అడవిలో ‘పర్లేదు’ పనికిరాదు

‘పర్లేదు, మీరు కానివ్వండి. నేను మెల్లిగా వచ్చేస్తా.’

ఈ మాట అనని ఆడవాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా? తిరుమల మెట్లెక్కుతూ మోకాళ్ళు పీకేస్తున్నా అంటాం. ఒళ్ళు జ్వరంతో కాలిపోతున్నా అంటాం. మన వల్ల పదిమందికీ ఇబ్బంది కలగకూడదని చిన్నప్పట్నించీ ఒంటబట్టిన అలవాటది. ఇంట్లో దాన్ని మంచితనం అంటారు. అదే మాట ప్రాణం మీదికి తెచ్చే చోటు ఒకటుంది. చలికాలంలో, మంచు నిండిన అడవిలో, చెట్ల మధ్య స్కీయింగ్ చేసే చోటు.

మనకీ స్కీయింగ్‌కీ ఏమిటమ్మా సంబంధం అంటారేమో. సియాటిల్ చుట్టుపక్కల ఇప్పుడు వేలకొద్దీ తెలుగు కుటుంబాలున్నాయి. మీ చెల్లెలో, మేనకోడలో వాళ్ళలో ఉండి ఉండొచ్చు. శనివారం చీకటితోనే లేచి, పులిహోర డబ్బాలు కట్టుకుని, పిల్లల్ని కార్లో కుక్కుకుని క్యాస్కేడ్ కొండలకి బయల్దేరే తల్లులు నాకే చాలామంది తెలుసు. మన దేశంలోనూ గుల్మార్గ్‌లో, ఔలీలో నేర్పుతున్నారు. ఖరీదైన సరదానే, కాదనను. వారాంతంలో పెద్ద కొండల మీద లిఫ్టు టిక్కెట్టే వంద డాలర్లు దాటుతుంది. కానీ వెళ్ళేవాళ్ళు వెళ్తూనే ఉన్నారు. వెళ్తున్నప్పుడు తెలియాల్సింది తెలియాలి కదా!

నేను తణుకు దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. చలంటే నాకు తెలిసింది ధనుర్మాసంలో ముగ్గేస్తుంటే వేళ్ళు కొంకర్లు పోవడం. నలభై ఏళ్ళు దాటాక స్కీలు కట్టాను. మొదటి ఏడాదంతా చిన్నపిల్లల వాలు మీద, నా నడుం ఎత్తు కూడా లేని పిల్లల మధ్య పడుతూ లేస్తూ గడిపాను. చెట్ల మధ్యకి వెళ్ళే ధైర్యం రావడానికి ఇంకో అయిదేళ్ళు పట్టింది.

మామూలు స్కీ దారి వేరు, చెట్ల మధ్య వేరు. దారిని రాత్రిపూట యంత్రాలతో తల దువ్వినట్టు చదును చేసి ఉంచుతారు. చెట్ల మధ్య ఎవరూ ఏమీ చెయ్యరు. మంచు ఎలా పడితే అలాగే ఉంటుంది. ఏటవాలు మామిడితోటలో బ్రేకుల్లేని సైకిలు తొక్కడం ఊహించుకోండి, ఇంచుమించు అదీ సంగతి. చెట్టు వంక చూశామా, తిన్నగా వెళ్ళి దానికే గుద్దుకుంటాం. చూపు ఎప్పుడూ సందు మీదే ఉండాలి. ఇంత అవస్థ ఎందుకూ అంటే, గాలి కొట్టే రోజున చెట్లు కాస్త అడ్డం నిలబడతాయి. మబ్బు కమ్మి నేలా ఆకాశం ఒకే తెలుపైపోయినప్పుడు, చెట్ల నలుపు వల్లే మనకి ఎత్తుపల్లం తెలుస్తుంది. పైగా అక్కడి మంచు ఎవరూ తొక్కని మంచు. ఆ నిశ్శబ్దం సంగతి నేను చెప్పలేను, వెళ్ళి వినాల్సిందే.

ఆ కొండల్లో మంచుకి కొదవ లేదు. పసిఫిక్ సముద్రం మీంచి వచ్చే తేమంతా అక్కడ గుమ్మరిస్తుంది. కెనడా సరిహద్దు దగ్గరి మౌంట్ బేకర్ స్కీ కొండ మీద 1998-99 చలికాలంలో 1140 అంగుళాల మంచు పడింది. అంటే 95 అడుగులు! ఒక్క చలికాలంలో అంత పడటం ప్రపంచ రికార్డు. ఇంత మంచు పడే చోట చెట్ల దగ్గర ఒక మాయ ఉంటుంది. ఫర్, హెమ్లాక్ జాతి చెట్ల కొమ్మలు కిందిదాకా వాలి ఉంటాయి. పడే మంచుని అవి గొడుగులా పట్టుకుంటాయి. దాంతో చుట్టూ ఎనిమిది పదడుగుల మంచు పేరుకున్నా, మొదలు దగ్గర గుల్లగా, బోలుగా ఉండిపోతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. దీన్నే ‘ట్రీ వెల్’ అంటారు, చెట్టు చుట్టూ నుయ్యి అన్నమాట. అందులోకి ఎక్కువగా తలకిందులుగానే పడతారు. కాళ్ళకి స్కీలుంటాయి, అవి కొమ్మలకి తగులుకుంటాయి. గింజుకునేకొద్దీ పైనున్న మంచు ఇంకా రాలి ముఖం మీద పడుతుంది. నీళ్ళలో మునిగినట్టే ఊపిరాడదు. పది పదిహేను నిమిషాల్లోనే అంతా అయిపోవచ్చు. అమెరికాలో, కెనడాలో రెండు ప్రయోగాలు చేశారు. సాయానికి మనుషుల్ని పక్కనే పెట్టుకుని, ఇష్టపడి ముందుకొచ్చిన వాళ్ళని ఇలాంటి గోతుల్లో దించారు. నూటికి 90 మంది తమంతట తాము బయటికి రాలేకపోయారు. వాళ్ళు బలహీనులు కారు. ఆ నూతిలో బలానికి పని లేదు.

అందుకే అక్కడ ఒకటే సూత్రం. ఇద్దరిద్దరు జతగా వెళ్ళాలి, ఒకరికొకరు కనిపిస్తూ ఉండాలి. ‘వెనకాలే వస్తోందిలే’ అనుకుని కింద లిఫ్టు దగ్గర ఎదురుచూడటం జత కాదు. ఇప్పుడు మన ‘పర్లేదు, మీరు వెళ్ళండి’ అక్కడ ఏం చేస్తుందో మీరే ఆలోచించండి.

పోయిన చలికాలం మేం నలుగురం వెళ్ళాం. పాతికేళ్ళుగా స్కీ చేస్తూ, మేమంతా అక్కా అని పిలిచే పెద్దావిడ. గుంటూరు నుంచి వచ్చి రెండేళ్ళయిన ఒక అమ్మాయి. మా ఆఫీసులో పనిచేసే అమెరికన్ స్నేహితురాలు. ఈవిడ స్కీ పెట్రోల్‌లో స్వచ్ఛందంగా పనిచేస్తుంది, అంటే కొండ మీద దెబ్బ తగిలిన వాళ్ళని స్లెడ్జి మీద దించే దళంలో. నాలుగోదాన్ని నేను. ఆ రోజు మైనస్ 12 డిగ్రీలు, దాని మీద గాలి. అక్కడి మంచు మామూలుగా తడిగా, బరువుగా ఉండి ‘క్యాస్కేడ్ కాంక్రీటు’ అని పేరు పడింది. అంత చలికి అది మైదాపిండిలా ఉంది. మొదటి రెండుసార్లూ మేం నవ్వుకుంటూ, కేకలేసుకుంటూ దిగాం.

మూడోసారి సగం దూరంలో గుంటూరు అమ్మాయి ఆగిపోయింది. బూటు బకిల్ పెట్టుకోవడానికి తంటాలు పడుతోంది. అదే పనిగా రెండు మూడు నిమిషాలు. ‘ఏమైందే?’ అంటే, ‘పర్లేదక్కా, మీరు పదండి, వచ్చేస్తా’ అంది. ఎంత ముద్దుగా అందో! మా అమెరికన్ స్నేహితురాలికి తెలుగు ఒక్క ముక్క రాదు. కానీ ఆ గొంతు ఏ భాషలోనైనా ఒకలాగే ఉంటుందిట. ‘ఎవరూ కదలొద్దు. గ్లోవ్స్ తీసి చేతులు చూపించు’ అంది. మధ్యవేలు, ఉంగరంవేలు కొసలు కొవ్వొత్తుల్లా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. గిల్లితే తెలియట్లేదు. ఎంతసేపట్నించీ అలా ఉన్నాయో తెలుసా? మొదటిసారి దిగినప్పటినుంచీ!

ఇక్కడ ఒక సంగతి. గట్టి చలిలో శరీరం గుండెనీ మెదడునీ కాపాడుకోవడానికి వేళ్ళకి రక్తం పంపడం తగ్గిస్తుంది. ఆడవాళ్ళకి ఇది ఎక్కువ. యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 1998లో ‘లాన్సెట్’ పత్రికలో రాశారు, ఆడవాళ్ళ చేతులు మగవాళ్ళ చేతుల కంటే సగటున 2.8 డిగ్రీల ఫారన్‌హీట్ చల్లగా ఉంటాయని. కాబట్టి ‘నీకే అంత చలేమిటి?’ అనే మొగుళ్ళకి ఈ లెక్క చెప్పండి. పాలిపోయిన వేళ్ళని రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. చర్మం ఇంకా దెబ్బతింటుంది. ఆ అమ్మాయి చేతులు తన చంకల్లోనే పెట్టించి, చుట్టూ ముగ్గురం గాలికి అడ్డంగా నిలబడ్డాం. పావుగంటకి రంగు తిరిగింది. మంట పుట్టి ఏడ్చింది పిల్ల. అలా ఏడవడం మంచి గుర్తట, స్పర్శ వచ్చినట్టు. పెట్రోల్ ఆవిడ తన దగ్గరున్న మిట్టెన్లు ఇచ్చింది. అంటే నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే తొడుగులు. వేళ్ళు ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటాయి. మామూలు గ్లోవ్స్ కంటే చలికి అవే నయం.

మళ్ళీ కదిలేటప్పుడు ఆ అమ్మాయిని అక్కతో జత కలిపాం, అనుభవం ఉన్న మనిషి కదా అని. నూరు గజాలు కూడా వెళ్ళి ఉండం. ఈల వినిపించింది. ఒకసారి కాదు, ఆపకుండా. తిరిగి చూస్తే ఆ అమ్మాయి ఒక పెద్ద హెమ్లాక్ చెట్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చేతుల్తో మంచు తవ్వుతోంది. అక్క కనిపించలేదు. మంచులోంచి ఒక స్కీ మాత్రం పైకి లేచి ఉంది.

పాతికేళ్ళ అనుభవం ఉన్న అక్క!

పెట్రోల్ ఆవిడ అరుస్తూనే వచ్చింది, కాళ్ళు పట్టి లాగొద్దని. పైకి లాగితే పైమంచంతా లోపలికి జారి ఊపిరి మూస్తుంది. తల ఎక్కడుందో అంచనా వేసి, పక్కనుంచి సొరంగంలా ముఖం దగ్గరికి తవ్వుకుంటూ పోవాలి. ముందు గాలి, తరవాతే మనిషి. పార ఆవిడ దగ్గర ఉంది. మిగతా మాకు చేతులే పారలు. రెండు మూడు నిమిషాలు పట్టిందేమో. అక్క ముఖం కనిపించింది, దగ్గింది, నోట్లోంచి మంచు ఊసింది. తరవాత మొట్టమొదట అన్న మాట ‘నా కళ్ళజోడేదే?’ అని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల మాట విని మేం ముందుకి వెళ్ళిపోయి ఉంటే వెనక ఒంటరిగా ఎవరుండేవారు? సరే, మేం ఆగాం. కానీ వేళ్ళ సంగతి దాచి అలాగే వచ్చి ఉంటే, మొద్దుబారిన చేతుల్తో తవ్వగలిగేదా? జేబులోంచి ఈల తియ్యగలిగేదా?

మేమేదో కొత్తవాళ్ళం కాబట్టి ఇలా అయిందనుకోకండి. 2012 ఫిబ్రవరి 19న ఇదే క్యాస్కేడ్ కొండల్లో, స్టీవెన్స్ పాస్ దగ్గర టన్నెల్ క్రీక్ అనే చోట మంచు విరిగి జారింది. బయల్దేరిన 16 మందీ ఆ విద్యలో ఆరితేరిన వాళ్ళు. ముగ్గురు చనిపోయారు. ఎలీస్ సాగ్‌స్టాడ్ అనే స్కీయర్ భుజాన ఉన్న గాలిసంచి తెరుచుకోవడం వల్ల బతికింది. తరవాత ‘న్యూయార్క్ టైమ్స్’ విలేఖరి ఒకాయన అందరితో మాట్లాడి పెద్ద కథనం రాశాడు, దానికి 2013లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఇంతమంది కలిసి వెళ్ళడం మంచిది కాదేమోనని ఆ రోజు పొద్దున్నే కొందరి మనసులో అనిపించిందట. కానీ ఎవరికి వారు ఊరుకున్నారు. నేనెందుకు అడ్డం చెప్పాలి, వాళ్ళకి తెలియదా అని. వాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. అంటే ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. కాకపోతే మనకి అది ముగ్గు పెట్టడంతో పాటు నేర్పుతారు.

ఈ మధ్య ఆడవాళ్ళ గురించి ఏం రాసినా ధైర్యం, సాహసం, పట్టుదల అంటున్నారు. నాకు విసుగొస్తోంది. 2014 మే 25న మన తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కితే అందరూ ధైర్యాన్నే పొగిడారు. ఆ పిల్ల అంతకుముందు భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో పొందిన శిక్షణ గురించి ఎంతమంది మాట్లాడుకున్నారు? ధైర్యం మా గుంటూరు అమ్మాయికీ బోలెడుంది. తిమ్మిరెక్కిన వేళ్ళతో రెండుసార్లు కొండ దిగింది మరి! ఆమెకి లేనిది ‘నాకు వేళ్ళు తెలియట్లేదు, ఆగండి’ అని చెప్పే అలవాటు.

మొగుళ్ళతో కలిసి వెళ్ళినప్పుడు ఇది ఇంకా ఎక్కువని నా గమనింపు. వాళ్ళు ముందే దిగిపోయి కింద నిలబడి గడియారం చూసుకుంటుంటారు. అలసిపోయామని చెబితే, ‘అందుకే చెప్పాను, నీకెందుకివన్నీ’ అనే మాట వినాలి. అది వినడం కంటే పళ్ళు బిగించుకుని దిగడమే మేలనిపిస్తుంది. చెప్పినదాన్ని నస అంటుంటే ఎవరు మాత్రం చెబుతారు? కాబట్టి చెప్పనివాళ్ళని ఒక్కళ్ళనే నేను తప్పు పట్టను. విన్నవాళ్ళ ముఖం ఎలా ఉంటుందన్న దాని మీద కూడా ఉంటుంది. ఆ రోజు పెట్రోల్ ఆవిడ ముఖంలో విసుగు లేదు, జాలి కూడా లేదు. డాక్టరు నాడి చూసినట్టు చూసింది. అందుకే ఆ పిల్ల గ్లోవ్స్ తీసి చేతులు చూపించింది.

మా అమ్మకి ఫోన్లో ఇదంతా చెబితే, ‘అంత మంచులోకి వెళ్ళడమెందుకే, వేరే పనిలేక’ అంది. అమ్మ మాట అమ్మది. ఆవిడ ఎనభై ఏళ్ళ మనిషి. ఆ చేత్తోనే, తన మోకాలు ఆర్నెల్లుగా నొప్పి పెడుతోందన్న సంగతి మా వదినకి చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకుంది.

ఇప్పుడు మా నలుగురి మెడల్లోనూ తలో ఈల ఉంటుంది. చెట్లలోకి దిగే ముందు కర్రల పట్టీలు మణికట్ల నుంచి తీసేస్తాం, పడితే చేతులు ఇరుక్కోకుండా. లిఫ్టులో పైకి వెళ్తున్నప్పుడు వంతులవారీగా అందరం చెప్పాలి. చేతులెలా ఉన్నాయి, కాళ్ళెలా ఉన్నాయి, ఆకలేస్తోందా, భయంగా ఉందా. ‘బాగానే ఉంది’ అంటే ఒప్పుకోం, వివరం కావాలి. ఆ సీజన్‌లోనే ఇంకోసారి వెళ్ళినప్పుడు అక్క వంతు వచ్చింది. ‘నాకివాళ చెట్లలోకి రావాలని లేదే’ అంది. ఎవరూ ఎందుకని అడగలేదు. చదునైన దారిలోనే దిగి, కింద కాంటీన్లో వేడివేడి చాక్లెట్ తాగాం. డబ్బులు అక్కే ఇచ్చింది.