సబర్ మాకేనా, సేఠ్ సాబ్?

మన సమాజంలో అన్నిటికంటే చౌకగా దొరికే మందు ఒకటుంది. దాని పేరు సబర్. మూడు నెలలుగా తన్‌ఖా రాలేదా? సబర్ కరో. మాలిక్ పదిమంది ముందు బూతులు తిట్టాడా? సబర్ కరో. రాత్రి నిద్ర పట్టక, పొద్దున షాపు షట్టర్ ఎత్తాలంటేనే గుండె దడదడలాడుతోందా? నమాజ్ పాబందీగా చదువు బేటా, సబర్ కరో.

చెప్పేవాళ్ల నియ్యత్ చెడ్డదని అనను. నా షికాయత్ ఒక్కటే. ఈ మందు ఎప్పుడూ నౌకరీ చేసేవాడికే రాస్తున్నారు. నౌకరీ ఇచ్చేవాడిని కూర్చోబెట్టి, "భాయ్, గిరాకీ తగ్గితే నువ్వు సబర్ చెయ్యి, పిల్లగాడి మీద అరవకు" అని చెప్పినవాళ్లను నేను చూడలేదు.

మనిషి కుంగిపోతే తప్పును మనిషిలోనే వెతుకుతాం. దిమాగ్ కమ్‌జోర్ అంటాం, ఈమాన్ తగ్గిందంటాం, నజర్ తగిలిందని తావీజ్ కట్టిస్తాం. వాడు చేసే పని వైపు మాత్రం చూడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మనిషిని కుంగదీసేవి ఏవని ఆ సంస్థ చెబుతోందో చూడండి: మోయలేనంత పని, తెగని గంటలు, తన పని మీద తనకు అదుపు లేకపోవడం, వేధింపులు, చాలని జీతం, రేపు ఉంటుందో ఊడుతుందో తెలియని ఉద్యోగం. డిప్రెషన్, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని దాని అంచనా. ఇది ఒక్కొక్కరి దిల్ కమ్‌జోరీ వ్యవహారం అయితే లెక్క ఇంత దూరం వస్తుందా?

మన గల్లీలోకే వద్దాం. ఖౌమ్ ఖిద్మత్ పేరుతో నడిచే ప్రైవేటు స్కూళ్లు మనకు తక్కువేం లేవు. వాటిలో పాఠాలు చెప్పేది ఎక్కువగా మన ఆడపిల్లలే. డిగ్రీ, బీఈడీ చేసి వస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పీరియడ్లు, ఇంటికి మోసుకుపోయే నోటు పుస్తకాలు, ఎండాకాలం అడ్మిషన్ల కోసం గడప గడప తిరగడం. సెలవుల తన్‌ఖా మాత్రం కట్. మానేస్తామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉంటాయి. ఇన్ని భరించిన టీచరమ్మ ఒకరోజు క్లాసులో ఏడిస్తే, కరస్పాండెంట్ సాబ్ ఖిద్మత్ గురించి, సవాబ్ గురించి తఖ్రీర్ ఇస్తాడు. సవాబ్ ఆమెకు, ఫీజు ఆయనకు. పంపకం బాగానే ఉంది!

మా అఖ్బార్ల సంగతీ చెప్పాల్సిందే. అక్టోబర్ 10న మానసిక ఆరోగ్య దినోత్సవం అని ప్రత్యేక పేజీ వేస్తాం. 2024లో ఆ రోజు అంశమే పనిచోట మానసిక ఆరోగ్యం. కంటినిండా నిద్రపోండి అని హెడ్డింగ్ పెట్టి, ఆ పేజీ దిద్దిన సబ్ ఎడిటర్ అర్ధరాత్రి దాటాక బండి తీస్తాడు. మండలంలో వార్త రాసే విలేకరికి లైన్ అకౌంట్ డబ్బులు ఎప్పుడొస్తాయో తెలియదు గానీ, యాడ్స్ టార్గెట్ ఫోన్ మాత్రం టైముకు వస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా ఈ డెస్కుల మధ్యే బతికాను. చమత్కారంగా మాట్లాడే మనుషులు నాలుగైదేళ్లలో మూగబోవడం చూశాను. వాళ్లకు కావలసింది యోగా క్లాసు కాదు, వారానికి ఒక సెలవు.

ఇక గంటల సంగతి. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ కేబినెట్ రోజు పనివేళలను పది గంటలకు పెంచడానికి ఒప్పుకుంది. జూలైలో తెలంగాణ, దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటల హద్దు ఉందిగా అంటారు. ఆ హద్దు దాటింది లేనిది చూసే రిజిస్టర్ ఎక్కడుంది? దుకాణాల్లో పరిస్థితి చూడాలంటే రంజాన్‌లో పత్థర్‌గట్టి, లాడ్ బజార్‌కు వెళ్లండి. సహరీ దాకా అమ్మకాలు. రోజా ఉండి నిలువుకాళ్ల మీద బట్టలు మడతపెట్టే పిల్లగాడికి ఓవర్‌టైమ్ అన్న మాట తెలుసో లేదో అడగండి.

"చిన్న సేఠ్‌లం, కౌన్సిలర్లను ఎక్కడ తెస్తాం? బేకారీ రోజుల్లో నౌకరీ ఇవ్వడమే ఎహ్‌సాన్" అనే జవాబు నాకు తెలుసు. కౌన్సిలర్‌ను ఎవరూ అడగడం లేదు. తారీఖుకు తన్‌ఖా ఇవ్వండి. వారానికి ఒక ఛుట్టీ ఇవ్వండి. తప్పు చేస్తే గిరాకీ ముందు కాకుండా పక్కకు పిలిచి చెప్పండి. సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చేయండి. జ్వరమొస్తే ఇచ్చే సెలవు, మనసు బాగాలేకపోయినా ఇవ్వండి. వీటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు. మజ్దూర్ కూలీ ఆలస్యం చేయొద్దని జుమా ఖుత్బాల్లో ఎన్నిసార్లు వినలేదు! ఎహ్‌సాన్ అనుకుంటున్నది మజ్దూర్ హక్.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. "ఎర్రగడ్డ పంపిస్తా" అన్నది మనకు తిట్టు. కానీ ఎర్రగడ్డలో ఉన్నది సర్కారీ దవాఖానా, అక్కడ ఇలాజ్ దొరుకుతుంది. అమ్మాయి దిమాగ్ డాక్టర్ దగ్గరికి పోయిందని తెలిస్తే రిష్తాలు రావని దాచేస్తాం. దుబాయ్ క్యాంపులో పన్నెండు గంటలు పని చేసి ఫోన్ చేసిన కొడుకును "ఖైరియత్?" అంటాం. వాడు "అల్‌హందులిల్లాహ్" అంటాడు. వెంటనే పైసల మాటకు వెళ్లిపోతాం. ఆ రెండింటి మధ్య "నిద్ర పడుతోందా బేటా?" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది?

దవాతో పాటు దువా మన రివాజే. కానీ దువా ఉంది కదా అని దవా మానేయడం మన బుజుర్గుల దారి కాదు. 934లో కన్నుమూసిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికీ మనసుకూ ఆరోగ్యం ఎలాగో ఒకే కితాబులో రాశాడు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన బీమారిస్తాన్‌లో మానసిక రోగులకు విడిగా చోటుంది. మరి మనం మరుగు చేసి ఎవరి ఇజ్జత్ కాపాడుతున్నాం?

ఈ ముల్క్ ఖానూన్ కూడా మనవైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇలాజ్‌ను హక్ అంది. శరీర రోగాలకు ఎలా బీమా ఇస్తారో మానసిక రోగాలకూ అలాగే ఇవ్వాలంది. 2022లో మొదలైన టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళైనా పైసా లేకుండా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. షాపులో, స్కూలు స్టాఫ్ రూములో, మస్జిద్ నోటీసు బోర్డు మీద ఆ ఐదంకెలు రాసిపెట్టండి.

నంబర్ రాసి చేతులు దులుపుకోవద్దు మరి. రాత్రి పదింటి దాకా నిలబెట్టి, జీతం ఆపి, బూతులు తిట్టి, ఆ తర్వాత నంబర్ చూపిస్తే అది ఇలాజ్ అనిపించుకోదు. సబర్ పెద్ద సిఫత్. కష్టం అల్లాహ్ వైపు నుంచి వస్తే సబర్ చేస్తాం. సేఠ్ వైపు నుంచి వచ్చేదాన్ని జుల్మ్ అంటారు, దాన్ని ఆపమని అడుగుతాం. వచ్చే నెల తన్‌ఖా తారీఖు ఎప్పుడో ముందు అది చెప్పండి, సేఠ్ సాబ్.