కార్బరేటర్ నుంచి మూడో పేరా దాకా



ఏప్రిల్ 14 ర్యాలీ అయిపోయి రెండు వారాలు దాటింది. ఇన్‌బాక్సులో ఇంకా అదే ప్రశ్న. "అన్నా, నాన్నగారి రాజ్‌దూత్ మీద వస్తానన్నావు, నడుచుకుంటూ వచ్చావేంటి?" నిజమే. ఫిబ్రవరిలో ఇక్కడే గొప్పగా రాశాను, నీలం రంగు వేయించిన మా నాన్న బండి మీద ఈసారి విగ్రహం దాకా వస్తానని. రాలేకపోయాను. ఎందుకో చెప్తాను. చెప్పేటప్పుడు బండికి సంబంధం లేనట్టు కనపడే విషయాలు కూడా వస్తాయి. కొంచెం ఓపిక పట్టండి.

ముందు బండి సంగతి. మా తాతకి సైకిలుండేది. పొలం పనికి పోతూ ఊరి పెద్ద బజారు మొదట్లో దిగి, ఆ చివర దాకా నడిపించుకుంటూ పోయి, మళ్ళీ ఎక్కేవాడు. దిగమని ఎవరూ చెప్పక్కర్లేదు, ఆయన కాళ్ళకే తెలుసు. మా నాన్న టీచరయ్యాడు. 1989లో సెకండ్ హ్యాండ్ రాజ్‌దూత్ కొన్నాడు. కారంచేడు జరిగి అప్పటికి నాలుగేళ్ళు. బండి తెచ్చిన రోజు ఆ బజారులో నాన్న దిగలేదు. పేట కుర్రాళ్ళు వెనకాల సైకిళ్ళ మీద వెళ్ళారట. ఎవరూ ఏమీ అనలేదు. అరుగు మీద కూర్చున్న ఒకాయన మాత్రం, "మేష్టారూ, సైలెన్సరు మార్పించండి, మోత ఎక్కువగా ఉంది" అన్నాడట. నాన్న పోయేదాకా ఆ సైలెన్సరు మార్చలేదు.

2008లో నాన్న పోయాడు. బండి ఇంటి పక్క రేకుల కింద, పట్టా కప్పుకుని ఉండిపోయింది.

నా ప్లాను చాలా చిన్నది. కార్బరేటర్ కడిగించాలి. టైర్లు, ట్యూబులు, బ్యాటరీ కొత్తవి వేయాలి. ట్యాంకుకి నీలం రంగు కొట్టించాలి. 12,000 రూపాయలు, మూడు వారాలు. నోటుబుక్కులో రాసి కింద గీత కూడా గీశాను.

మా మండల కేంద్రంలో ఒక భాయ్ షెడ్డు ఉంది. ఆయనకి అరవై దాటాయి. రాజ్‌దూత్ ఇంజను విప్పే చెయ్యి మా చుట్టుపక్కల ఇప్పుడు అదొక్కటే. కిక్కు కొడితే కిందికి దిగలేదు. పిస్టను బోరులో పట్టేసింది. డీజిలు పోసి రెండు రోజులు నాననిస్తే ఊడింది గానీ, బోరు గోడల నిండా గీతలు. రీబోర్ చేయించాలి. చేయిస్తే ఆ సైజు పిస్టను కావాలి. ఎస్కార్ట్స్ వాళ్ళు ఈ బండి చెయ్యడం ఎప్పుడో మానేశారు. పిస్టను కోసం బెజవాడ ఆటోనగర్‌లో రెండు రోజులు తిరిగాను. అది దొరికేసరికి క్రాంకు బేరింగులు పోయాయని తేలింది. రంగు కోసం సీటు కింద ఫ్రేము గోకితే, రంగు కింద లప్పం, లప్పం కింద పగులు. ఎప్పుడో యాక్సిడెంటయిన బండి అది. పగులు కనపడకుండా లప్పం పెట్టి, నిగనిగలాడే రంగు కొట్టి మా నాన్నకి అంటగట్టారు. ఆయన దాన్ని ఎరగక పంతొమ్మిదేళ్ళు తిరిగాడు.

మార్చి మూడో వారానికి నా 12,000 కాస్తా 41,000 అయింది. అప్పటికి ముందు చక్రం ఇంకా ఊడదీయలేదు.

లెక్క తప్పింది నాకొక్కడికేనా అని రాత్రుళ్ళు ఫోనులో పాత బండ్ల రిపేర్ల సంగతులు చదవడం మొదలెట్టాను. అక్కడ ఇంగ్లండు రైలింజను కథ ఒకటి దొరికింది. పేరు ఫ్లయింగ్ స్కాట్స్‌మన్. 1923లో కట్టిన ఆవిరి ఇంజను, వాళ్ళకి చాలా ప్రియమైనది. 2004లో అక్కడి జాతీయ రైల్వే మ్యూజియం, జనం ఇచ్చిన చందాలు కూడా కలుపుకుని దాన్ని కొన్నది. 2006లో పూర్తి మరమ్మతుకి షెడ్డులోకి తోలారు. 2011 మేలో నల్లరంగు వేసి జనానికి చూపించారు కూడా. ఆ తర్వాత పరీక్షల్లో ఇంకా పగుళ్ళు బయటపడ్డాయి. రంగు వేసిన ఇంజనుని మళ్ళీ విప్పారు. అది పట్టాలెక్కి తిరిగేసరికి 2016 వచ్చింది. ఖర్చు 42 లక్షల పౌండ్లు.

నన్ను ఆకట్టుకున్నది ఆ అంకె కాదు. పని ఎందుకిలా పెరిగిందో ఆ మ్యూజియమే విచారణ చేయించి, నివేదిక బయట పెట్టింది. మొదట్లోనే ఇంజను స్థితిని సరిగ్గా అంచనా వేసుకోలేదని అందులో తేలింది. నాకు అర్థమైంది ఇది. పని మధ్యలో పెరగలేదు. మొదటి రోజునుంచే అది అంత పెద్దది. లెక్కగట్టిన వాళ్ళే దాన్ని చిన్నగా చూశారు. నేను కూడా నా 12,000 లెక్క రంగుని చూసి వేశాను. ఫ్రేముని చూసి వేసుంటే 41,000 చూసి ఉలిక్కిపడేవాణ్ణి కాదు.

ఏప్రిల్ 10న ఇంజను స్టార్టయింది. ఆ మోత విని షెడ్డు ముందు నిలబడి ఏడ్చాను, దాచుకోవడమెందుకు. "భాయ్, ఫ్రేము తర్వాత చూద్దాం, రంగు కొట్టించెయ్, 14న తీసుకుపోతా" అన్నాను. ఆయన ముందు చక్రం ఊడదీసి, బ్రేకు డ్రమ్ములో చీలిక మీద వేలు పెట్టి చూపించాడు. "తమ్ముడూ, రంగుదేముంది, రేపొద్దున కొట్టించొచ్చు. బ్రేకేసినప్పుడు ఆగాలి గదా. నీ వెనకాల పిల్లలు నడుస్తుంటారు." నేను కొంచెం గొంతు పెంచాను. ఆయన పెంచలేదు. చక్రం మాత్రం బిగించలేదు.

ఇంటికొచ్చేదాకా కోపం తగ్గలేదు. రాత్రి చాలీస్‌గావ్ గుర్తొచ్చింది. మనలో చాలామంది చదివిందే. 1929లో బాబాసాహెబ్ చాలీస్‌గావ్ స్టేషన్‌లో దిగితే, అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలడానికి ఏ టాంగావాడూ ఒప్పుకోలేదు. మహర్‌వాడ వాళ్ళకి తమ అతిథి నడిచి రావడం ఇష్టం లేదు. టాంగా అద్దెకి తీసుకుని, ఎప్పుడూ తోలని తమ మనిషి చేతికి పగ్గాలిచ్చారు. కల్వర్టు మీద చక్రం ఇరుక్కుని టాంగా తిరగబడింది. బాబాసాహెబ్ కాలు విరిగింది. ఆ తప్పు టాంగావాళ్ళది, వాళ్ళ కులానిది. అందులో నాకు అనుమానం లేదు. కానీ తనవాళ్ళు తన గౌరవం కోసం తన ప్రాణాన్నే పణంగా పెట్టారన్న సంగతి కూడా ఆయన దాచకుండా రాసుకున్నాడు. మన మీద మనకున్న ప్రేమని కూడా ఆయన అలా పరీక్షించి చూశాడు. నేనేమో చీలిన డ్రమ్ముతో ఆయన ర్యాలీకే బయల్దేరబోయాను.

అందుకని 14న నడిచి వచ్చాను.

బండి కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. బ్రేకు డ్రమ్ము దొరుకుతుంది, ఫ్రేముకి వెల్డింగ్ పడుతుంది. అసలు పని కాగితాల దగ్గర బయటపడింది.

బండి రోడ్డెక్కాలంటే ఆర్‌సీ కావాలి. 15 ఏళ్ళు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఓనరు చనిపోయాడు గనక ముందు ఫారం 31 పెట్టి వారసుల పేరు మీదికి మార్చాలి. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జత చేయాలి. అవన్నీ పట్టుకుని ట్రంకుపెట్టెలోంచి ఆర్‌సీ బుక్కు తీశాను. అందులో ఉన్న పేరు మా నాన్న పేరు కాదు.

అంటే, ఉద్యోగం కాగితాల్లో ఉన్న పేరు కాదు. చర్చిలో పెట్టిన పేరు. మా నాయనమ్మ పిలిచిన పేరు. బడిలో చేర్చేటప్పుడు అక్కడి అయ్యవారు "ఈ పేరైతే రేపు ఇబ్బంది" అని ఇంకో పేరు రాశాడట. ఆ రెండో పేరుతోనే చదువు, కుల ధ్రువపత్రం, ఉద్యోగం, ఇప్పుడు మా అమ్మకొచ్చే ఫ్యామిలీ పెన్షను. ఆ రెండు పేర్లూ ఇక్కడ రాయను. ఎందుకో మీలో చాలామందికి తెలుసు.

"ఆర్‌సీలో ఈ పేరెందుకు రాయించాడమ్మా?" అని అడిగాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "ఆఫీసు బయట కాయితాలు రాసే ఆయన పేరేంటని అడిగితే ఆ పేరు చెప్పొచ్చాడు. నేను తిట్టాను కూడా. అదొక్కటన్నా నా పేరు మీద ఉండనియ్యవే అన్నాడు."

ఇప్పుడు ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని స్టాంపు కాగితం మీద అఫిడవిట్ ఇవ్వాలి. ఒక లాయరు మిత్రుణ్ణి అడిగితే పది నిమిషాల పని అన్నాడు. రాయడానికి పది నిమిషాలే. కానీ 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా అని ఒకటుంది. హిందువు కాకపోతే ఎస్సీ కాదని మొదట్లో అందులో రాశారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ ఇప్పటికీ బయటే. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీల్ని బీసీ-సి అంటారు, ఒక్క శాతం. పేటలో ఇల్లు మారదు, బజారులో చూపు మారదు, కాగితంలో కులం మాత్రం మారిపోతుంది. పేరే మతం కాదని కోర్టులో వాదించొచ్చు. కానీ అక్కడ నిలబడాల్సింది డెబ్బై నాలుగేళ్ళ మా అమ్మ.

"ఆ కాయితం జోలికి పోమాకురా నాయనా. బండిని అక్కడే ఉండనియ్యి" అంది.

కార్బరేటర్ కడిగిద్దామని మొదలుపెట్టిన పని మూడో పేరా దగ్గర ఆగింది. మా నాన్న బండి మా నాన్న పేరుతో రోడ్డెక్కాలంటే భారత రాష్ట్రపతి ఉత్తర్వులో ఒక పేరా పోవాలి. నవ్వొస్తే నవ్వండి, నాకూ వచ్చింది. కానీ ఈ రిపేరుకి అసలు కొలత అదే.

ఇదంతా విద్యార్థులకి ఎందుకు చెప్తున్నానంటే, మీ పనులూ ఇలాగే పెరుగుతాయి. హాస్టలు బాత్రూముకి తలుపు లేదని వినతిపత్రం ఇస్తారు. వార్డెన్ నిధుల్లేవంటాడు. ఎందుకు లేవని అడుగుతూ పోతే 2013 సబ్ ప్లాన్ చట్టం దగ్గర తేలతారు. జనాభా నిష్పత్తిలో రావాల్సిన డబ్బు ఎటు పోయిందని అడగాల్సి వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు "తలుపు అడిగినోళ్ళు రాజకీయాలు మాట్లాడుతున్నారు" అంటారు. మనవాళ్ళే కొందరు "తలుపు పెట్టించుకుని ఊరుకుందాం, పెంచొద్దు" అంటారు. పెంచింది మీరు కాదు. అది మొదట్నుంచీ అంత పనే. తలుపుకి రంగేసి ఫోటో దిగేవాళ్ళే దాన్ని చిన్నది చేసి చూపిస్తారు.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. పని పెద్దదని తెలియగానే అన్నీ ఒకేసారి విప్పేసేవాళ్ళున్నారు. ప్రతి షెడ్డు వెనకాలా అలా విప్పి, గోనెసంచుల్లో పోసి, ఏ బోల్టు ఎక్కడిదో మర్చిపోయిన బండ్లుంటాయి. మన సంఘాల్లో కూడా ఉన్నాయి. తలుపు దగ్గర మొదలై, రాజ్యాంగం దాకా వెళ్ళి, చివరికి ఆ తలుపు కూడా పెట్టించలేకపోయిన కమిటీల్లో నేనే రెండింట్లో పనిచేశాను. ఆ హాస్టలు పిల్లలు మమ్మల్ని మళ్ళీ నమ్మలేదు. నమ్మకపోవడం సబబే.

భాయ్ పద్ధతి చూసి నేర్చుకున్నది ఇది. విప్పేముందు ఫోటో తీస్తాడు. ఒక్కో భాగం బోల్టులు ఒక్కో డబ్బాలో వేస్తాడు. మొత్తం పని గోడ మీద సుద్దముక్కతో రాస్తాడు, పెద్దదైనా దాచడు. ఆ రోజు మాత్రం అందులో ఒక్క లైనే పట్టుకుంటాడు. అది అయ్యేదాకా రెండోది ముట్టడు. మన మీటింగుల్లోనూ అంతే చేయొచ్చు. గోడ మీద మూడో పేరా దాకా రాద్దాం. ఈ వారం తలుపు పెట్టిద్దాం.

ఇంకోటి. నేను మొదట మాట్లాడుకున్న కూలి 3,500. పని నాలుగింతలైంది. భాయ్ నోరు తెరిచి అడగలేదు. నేనూ నెల రోజులు తెలియనట్టే ఉన్నాను. ఉపాధి కూలీలకి డబ్బులు పడలేదని మండలాఫీసు ముందు కూర్చునేవాణ్ణి, షెడ్డులో మాత్రం "ముందే అనుకున్నాం కదా" అనే ధైర్యంతో ఉన్నాను. పోయిన శుక్రవారం లెక్క చూసి మిగతాది ఇచ్చాను. పని పెరిగినప్పుడు ఆ బరువు ఎవరి మీద పడుతోందో చూసుకోకపోతే, మనం బాగుచేసేది ఏమీ ఉండదు.

ఇప్పటి పరిస్థితి ఇదీ. డ్రమ్ము దొరికింది. ఫ్రేముకి వెల్డింగ్ అయింది. ఆ అతుకు మీద లప్పం పెట్టొద్దన్నాను, కనపడనివ్వమన్నాను. ట్యాంకుకి ఇంకా రంగు లేదు. అఫిడవిట్ డ్రాఫ్టు నా బ్యాగులో ఉంది, సంతకం పెట్టలేదు. పెట్టాలా వద్దా అన్నది నా ఒక్కడి నిర్ణయం కాదు, అమ్మది. ఆమె వద్దంటే బండి రేకుల కిందే ఉంటుంది. రోజూ సాయంత్రం స్టాండు మీద ఐదు నిమిషాలు స్టార్టు చేస్తాను. సైలెన్సరు మాత్రం పాతదే. ఆ మోత బజారు దాకా వినపడుతోందని పక్కింటి పిల్లలు చెప్పారు.

మీ ఇళ్ళల్లో కూడా రెండు పేర్ల కాగితాలుంటే, పేర్లు రాయకుండా, ఆ కథ నాకు రాయండి. వచ్చే ఆదివారం మూడో పేరా గురించే విడిగా మాట్లాడుకుందాం.

జై భీమ్.